ఇంటిల్లిపాది ఫోన్లకు, కంప్యూటర్లకు భద్రత: ఏది ముందు, ఏది తరవాత

సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు మా పెదనాన్నగారు తన ఫోన్ నా చేతికిచ్చి, "ఒరేయ్, ఇది ఎందుకో నత్తనడక నడుస్తోంది, ఒకసారి చూడరా" అన్నారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి, దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు. ఫోన్లో రెండు యాంటీవైరస్ యాప్‌లు, ఒక క్లీనర్, ఒక బ్యాటరీ సేవర్ ఉన్నాయి. నాలుగూ పోటీలు పడి 'మీ ఫోన్ ప్రమాదంలో ఉంది' అని ఎర్రక్షరాలతో హెచ్చరిస్తున్నాయి. సెట్టింగ్స్ తెరిచి చూస్తే ఆ ఫోన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ పడి పధ్నాలుగు నెలలయింది. అప్‌డేట్ చేయమని అడిగే నోటిఫికేషన్‌ను ఆయన వచ్చిన ప్రతిసారీ పక్కకు తోసేస్తున్నారు. ఎందుకని అడిగితే, "అప్‌డేట్ చేస్తే ఫోన్ పాడైపోతుందని షాపతను చెప్పాడు" అన్నారు.

ఇది ఒక్క మా పెదనాన్నగారి సంగతి కాదు. 2015లో గూగుల్ పరిశోధకులు 231 మంది భద్రతా నిపుణులను, 294 మంది సాధారణ వినియోగదారులను, ఆన్‌లైన్‌లో సురక్షితంగా ఉండటానికి మీరు చేసే మూడు ముఖ్యమైన పనులేమిటని అడిగారు. నిపుణులలో 35 శాతం మంది అప్‌డేట్ల పేరు చెబితే, సాధారణ వినియోగదారులలో 2 శాతం మందికే అది తట్టింది. వీరి జాబితాలో మొదటి స్థానం యాంటీవైరస్‌ది. తరచూ పాస్‌వర్డ్ మార్చడం కూడా అందులో పైనే ఉంది. నిపుణులు మాత్రం ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డ్, దానికి తోడు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్ ఒక్కటే చాలదని, రెండో నిర్ధారణ కూడా అడిగే ఏర్పాటు) అన్నారు. మన ఇళ్లలోనూ జాగ్రత్తకు కొదవ లేదు, కానీ అది వెళ్లవలసిన చోటికి వెళ్లడం లేదు. అందుకే ఈ మార్గదర్శిలో పనులను ప్రయోజనం ఎక్కువగా ఉన్న క్రమంలో పేర్చాను. తీరికగా కూర్చుంటే ఒక ఫోన్‌కు ఒక సాయంత్రం సరిపోతుంది. మధ్యలో ఆపవలసి వచ్చినా ముఖ్యమైనవి అప్పటికే పూర్తయి ఉంటాయి.

మొదటి పని: అప్‌డేట్లు

ఫోన్‌ను చార్జింగ్‌కు పెట్టి, వైఫై ఉంటే దానికి కలిపి, సెట్టింగ్స్‌లో 'ఫోన్ గురించి' అన్న చోటికి వెళ్లి, ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కితే సెక్యూరిటీ అప్‌డేట్ ఏ తేదీదో కనిపిస్తుంది. అది మూడు నాలుగు నెలల కంటే పాతదైతే, సిస్టమ్ అప్‌డేట్ అన్న చోట కొత్తది వచ్చిందేమో వెతికి ఇన్‌స్టాల్ చేయండి. ఆ తరవాత ప్లే స్టోర్ తెరిచి యాప్‌లన్నిటినీ ఒకేసారి అప్‌డేట్ చేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్న వరసలో వెళ్లి ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆన్ చేస్తే చాలు.

దీన్నే మొదట ఎందుకు పెట్టానో చెప్పడానికి 2017 నాటి సంగతి ఒకటి చాలు. విండోస్‌లో ఉన్న ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14న మరమ్మతు విడుదల చేసింది. సరిగ్గా ఆ లోపాన్నే ఆసరా చేసుకుని మే 12న వన్నాక్రై అనే దాడి ప్రపంచమంతటా మొదలై, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మందు వచ్చి దాదాపు రెండు నెలలయినా వేసుకోని యంత్రాలే ఎక్కువగా నష్టపోయాయి. పైగా మరమ్మతు విడుదలైందంటే లోపం ఎక్కడుందో దొంగలకూ తెలిసిపోయినట్టే కనుక, అప్‌డేట్ వచ్చాక కూడా వాయిదా వేయడం అంతకుముందుకంటే ఎక్కువ ప్రమాదం.

ఇంట్లో విండోస్ 10 కంప్యూటర్ ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని గుర్తుంచుకోండి. యంత్రం తట్టుకోగలిగితే విండోస్ 11కు మారవచ్చు, లేదంటే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరి 2026 అక్టోబర్ దాకా నెట్టుకురావచ్చు. ఇక కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత ఫోన్లను పారేయనక్కరలేదు. యూట్యూబ్‌కు, భక్తి పాటలకు, పిల్లల ఆటలకు అవి భేషుగ్గా పనికొస్తాయి. బ్యాంకు యాప్‌ను, యూపీఐని మాత్రం వాటిలో ఉంచకండి.

అప్‌డేట్లు అయ్యాక ఆ యాంటీవైరస్, క్లీనర్ యాప్‌లను తీసేయవచ్చు. ఆండ్రాయిడ్‌లో ప్లే ప్రొటెక్ట్, విండోస్‌లో డిఫెండర్ ముందునుంచే ఉన్నాయి, మామూలు వాడకానికి అవి చాలు. పెదనాన్నగారి ఫోన్లో ఆ నాలుగింటినీ తీసేస్తే నత్తనడక కూడా సగం తగ్గింది.

రెండో పని: తెర తాళం, సిమ్ తాళం

నాలుగంకెల పిన్‌కు పదివేల అవకాశాలుంటే, ఆరంకెల పిన్‌కు పది లక్షలు ఉంటాయి. కాబట్టి ఆరంకెలు పెట్టుకోండి. అందులో పుట్టినతేదీ వద్దు. ఫోన్ పోయిందంటే చాలాసార్లు పర్సు కూడా పోతుంది, పర్సులో ఆధార్ జిరాక్స్ ఉంటుంది, దాని మీద పుట్టినతేదీ అచ్చువేసి ఉంటుంది. గీత గీసే ప్యాటర్న్ తాళాన్ని బస్సులో పక్క సీటులో కూర్చున్నవారు ఒక్క చూపులో పట్టేయగలరు, అద్దం మీద వేలి జిడ్డు కూడా దాన్ని పట్టిస్తుంది. వేలిముద్ర తాళం నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. నిజానికి అది ఉంటే నలుగురిలో పిన్ కొట్టవలసిన అవసరమే తగ్గుతుంది.

తాళం వేసి ఉన్న తెర మీద ఓటీపీ కనిపిస్తుంటే తాళానికి అర్థం లేదు. నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, లాక్ స్క్రీన్ మీద సున్నితమైన సమాచారం కనిపించకుండా చేయండి.

సిమ్ తాళం సంగతి తెలిసినవారు తక్కువ. దొంగ మీ ఫోన్‌ను తెరవలేకపోయినా, సిమ్ బయటికి తీసి తన ఫోన్లో వేసుకుంటే ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. సిమ్‌కు పిన్ పెడితే, వేరే ఫోన్లో వేసినప్పుడు, ఫోన్ ఆపి మళ్లీ వెలిగించినప్పుడు ఆ పిన్ అడుగుతుంది. సెట్టింగ్స్‌లో 'సిమ్ లాక్' అని వెతికితే దొరుకుతుంది. అయితే ఆన్ చేసేముందు మీ కంపెనీ ఇచ్చే తొలి పిన్ ఏమిటో వారి కస్టమర్ కేర్‌ను అడిగి తెలుసుకోండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోయి, దాన్ని తెరవడానికి ఎనిమిదంకెల పీయూకే కోడ్ కావలసి వస్తుంది. ఊహించి కొట్టే పని మాత్రం పెట్టుకోకండి.

మూడో పని: ఈమెయిల్

మన వాళ్లలో చాలామందికి ఈమెయిల్ అంటే ఫోన్ కొన్న రోజు షాపులో కుర్రాడు తయారు చేసి పెట్టినది, తరవాత ఎప్పుడూ తెరవనిది. కానీ పాస్‌వర్డ్ మరిచిపోయామని నొక్కితే కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది ఆ మెయిల్‌కే. ఫోటోలు, కాంటాక్టులు, పోయిన ఫోన్‌ను వెతికే సౌకర్యం అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. అది పోతే మిగతావన్నీ వరసగా పోతాయి.

ముందు ఆ జీమెయిల్ ఏమిటో, దాని పాస్‌వర్డ్ మీకు తెలుసో లేదో చూసుకోండి. షాపులో పెట్టిన పాస్‌వర్డ్ అయితే ఇప్పుడే మార్చండి. సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా, అందులో సెక్యూరిటీ అన్న చోట మూడు చూడాలి: రికవరీ నంబరు మీదేనా, ఈ ఖాతా ఇంకా ఏయే పరికరాల్లో తెరిచి ఉంది, రెండంచెల ధ్రువీకరణ ఆన్‌లో ఉందా. పెదనాన్నగారి ఖాతాకు రికవరీ నంబరుగా అయిదేళ్ల కిందట వదిలేసిన సిమ్ నంబరు ఉంది. మనం వదిలేసిన నంబర్లను కంపెనీలు కొంతకాలం తరవాత వేరేవారికి ఇస్తాయి కనుక, ఆ తాళంచెవి ఈపాటికి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి జేబులో ఉండవచ్చు.

రెండంచెల ధ్రువీకరణ పెట్టాక గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి బీరువాలో, ఇంటి దస్తావేజుల పక్కన పెట్టండి. వాటిని ఫోటో తీసి అదే ఫోన్లో దాచుకుంటే, తాళంచెవిని లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే.

పాస్‌వర్డ్‌ల గురించి మనకు నూరిపోసిన సూత్రాలలో కొన్ని ఇప్పుడు చెల్లవు. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి, తరచూ మార్చాలి అన్న సలహా 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున బిల్ బర్ రాసిన పత్రం ద్వారా ప్రపంచమంతా పాకింది. అలా రాసినందుకు విచారిస్తున్నానని 2017లో ఆయనే ఒప్పుకున్నారు. అదే ఏడాది ఆ సంస్థ తన నియమాలు మార్చి, పొడవుకు ప్రాధాన్యం ఇవ్వాలని, కారణం లేకుండా మార్పించవద్దని చెప్పింది. తరచూ మార్చమంటే మనుషులు చివరి అంకె మాత్రమే మారుస్తారు, అది ఊహించడం ఎవరికీ కష్టం కాదు. ఇప్పుడు నేను ఇంట్లోవాళ్లకు చెప్పే పద్ధతి వేరు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి. తిరగలి, అరిటాకు, రైలుగేటు, పెసరట్టు లాంటివి. ఇక్కడ రాసినవి మాత్రం వాడకండి. ఈమెయిల్‌కు, బ్యాంకుకు, మిగతా ముఖ్యమైన వాటికి దేని పాస్‌వర్డ్ దానికే ఉండాలి. ఒక షాపింగ్ సైట్ నుంచి పాస్‌వర్డ్‌లు చోరీ అయితే, దొంగలు మొదట చేసే పని అదే యూజర్ పేరు, పాస్‌వర్డ్ జంటను ఈమెయిళ్ల మీద, బ్యాంకుల మీద ప్రయోగించి చూడటం. ఇన్ని గుర్తుండవు కాబట్టి గూగుల్‌లో గానీ ఐఫోన్‌లో గానీ ఉన్న పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి, పాస్‌వర్డ్‌లను దాచిపెట్టి అవసరమైన చోట అదే నింపుతుంది. అది కుదరని పెద్దవారు నోటుపుస్తకంలో రాసుకున్నా తప్పు లేదు. అమెరికాలో కూర్చున్న దొంగకు మన బీరువా అందదు.

నాలుగో పని: వాట్సాప్

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఖాతా అన్న చోట రెండంచెల ధృవీకరణ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి, మరిచిపోతే తిరిగి పొందడానికి ఈమెయిల్ కూడా ఇవ్వండి. ఇది ఉంటే, ఎవరైనా మాయమాటలతో మీ దగ్గర రిజిస్ట్రేషన్ కోడ్ తీసుకున్నా మీ వాట్సాప్‌ను తమ ఫోన్లోకి మార్చుకోలేరు. తరవాత 'లింక్ చేసిన పరికరాలు' తెరవండి. మీరు గుర్తుపట్టని కంప్యూటర్ ఏదైనా అక్కడ ఉంటే లాగవుట్ చేయండి. చివరగా స్టోరేజ్, డేటా అన్న చోట డాక్యుమెంట్ల ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. ఎందుకో తరవాతి భాగంలో తెలుస్తుంది.

అయిదో పని: ఏపీకే ఫైళ్లకు దారి మూయడం

మన రాష్ట్రాల్లో ఫోన్ ద్వారా సొమ్ము పోయిన కథలు వింటే ఇదే ఎక్కువగా ఎదురవుతుంది. దీన్ని దగ్గరగా చూడాలి. తెలిసినవారి నంబరు నుంచే, ఒక్కోసారి ఊరి గ్రూపులోనే, ఒక ఫైలు వస్తుంది. దాని పేరు శుభలేఖ, పీఎం కిసాన్, ఆర్టీవో చలానా, బ్యాంకు కేవైసీ, ఇలా ఏదో ఒకటి, చివర చుక్క పెట్టి ఏపీకే అని మూడక్షరాలు. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్. శుభలేఖ ఫోటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, వీడియోగా వస్తుంది. యాప్‌గా వచ్చే శుభలేఖ ఈ భూమ్మీద లేదు.

దాని మీద నొక్కిన తరవాత జరిగేది వరసగా చూడండి. మొదట ఫోన్ అడ్డుకుంటుంది: ఈ చోటు నుంచి తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి లేదని చెబుతుంది. కింద 'సెట్టింగ్స్' అన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి మీరే ఆ అనుమతి ఇస్తారు. యాప్ పడుతుంది. తెరవగానే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తారు. 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడుగుతుంది. ఇది చూపు సరిగా లేనివారి కోసం, తెర మీద ఉన్నది చదివి వారి తరఫున బటన్లు నొక్కడానికి పెట్టిన సౌకర్యం. అదీ ఇస్తారు. అంతే, ఇప్పుడు ఆ యాప్ మీ తెర చూడగలదు, మీ బదులు నొక్కగలదు, ఓటీపీ వచ్చిన క్షణంలో దాన్ని దొంగకు పంపగలదు. చాలాసార్లు దాని ఐకాన్ కూడా మాయమవుతుంది. ఆపై మీ కాంటాక్టులందరికీ అదే శుభలేఖ మీ పేరుతో వెళుతుంది. అందుకే అది మీకు తెలిసినవారి నుంచి వచ్చింది. నాలుగైదు చోట్ల ఫోన్ ఆగి అడిగింది, నాలుగైదు చోట్లా సరేనన్నది మన వేలే.

దారి మూయడానికి ఇలా చేయండి. సెట్టింగ్స్‌లో యాప్‌లు, అందులో 'ప్రత్యేక యాప్ యాక్సెస్', అందులో 'తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం' అన్న జాబితా తెరవండి. ఫోన్ కంపెనీని బట్టి ఈ పేర్లు కొద్దిగా మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉన్న వెతికే గడిలో కొట్టండి. అక్కడ వాట్సాప్, టెలిగ్రామ్, క్రోమ్, ఫైల్స్ సహా అన్నిటికీ అనుమతి లేదనే ఉండాలి. తరవాత యాక్సెసిబిలిటీ జాబితాలో మీరు స్వయంగా వాడని యాప్ ఏదీ ఆన్‌లో ఉండకూడదు. 'డివైస్ అడ్మిన్ యాప్‌లు' అన్న జాబితాలో కూడా తెలియని పేరు కనిపించకూడదు. ఆపై పర్మిషన్ మేనేజర్‌లో ఎస్సెమ్మెస్ విభాగం తెరిచి, మెసేజ్‌లు చదివే హక్కు ఎవరెవరికి ఉందో చూడండి. మెసేజ్ యాప్‌కు, ఫోన్ యాప్‌కు, బ్యాంకు, యూపీఐ యాప్‌లకు ఉండటంలో అర్థముంది. టార్చిలైటుకు, పంచాంగానికి, ఫోటో ఎడిటర్‌కు అది ఎందుకు? తీసేయండి. చివరగా ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి, ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందని నిర్ధారించుకుని ఒకసారి స్కాన్ చేయండి.

బస్టాండులో, రైల్వేస్టేషన్లో చార్జింగ్ పెడితే డేటా పోతుందని వాట్సాప్‌లో తిరిగే హెచ్చరికలతో పోలిస్తే ఈ అయిదు నిమిషాల పని వందరెట్లు విలువైనదని నా అభిప్రాయం. ఇప్పటి ఫోన్లు చార్జింగ్ తీగ తగిలించగానే డేటా ఇచ్చేయవు, ముందు అడుగుతాయి. అంతగా అనుమానముంటే మీ అడాప్టర్ మీరు తీసుకెళ్లండి.

ఆరో పని: డబ్బు దారి

యూపీఐ పిన్ మన ఖాతా నుంచి డబ్బు పోవడానికి, నిల్వ ఎంతుందో చూసుకోవడానికి అవసరమవుతుంది. డబ్బు రావడానికి పిన్ కొట్టవలసిన సందర్భం ఒక్కటి కూడా లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయవలసిన సందర్భమూ లేదు. ఓఎల్ఎక్స్‌లో పాత మంచం అమ్మకానికి పెట్టినవారికి 'అడ్వాన్స్ పంపుతున్నాను, స్కాన్ చేయండి' అని వచ్చే ఫోన్లన్నీ ఈ ఒక్క సంగతి తెలియనివారి మీద బతుకుతున్నాయి.

యూపీఐకి విడిగా ఒక చిన్న ఖాతా పెట్టుకోండి. నెలకు సరిపడా అయిదారు వేలు అందులో వేసుకుని కూరగాయల బండి నుంచి కరెంటు బిల్లు దాకా దాని మీదే నడపండి. పెన్షన్, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్న ఖాతాను యూపీఐకి కలపవద్దు. ఏ జాగ్రత్త తప్పినా పోయేది ఆ అయిదారు వేలే కనుక, ఈ ఒక్క ఏర్పాటు మిగతా పొరపాట్ల ఖరీదును తగ్గిస్తుంది. డెబిట్ కార్డుకు విదేశీ లావాదేవీలు, అవసరం లేకపోతే ఆన్‌లైన్ లావాదేవీలు కూడా, బ్యాంకు యాప్‌లోనే ఆపేయవచ్చు.

బ్యాంకు కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకవద్దు, అక్కడ దొంగలు పెట్టిన నంబర్లు కూడా వస్తాయి. కార్డు వెనక, పాస్‌బుక్ మీద ఉన్న నంబరే వాడండి. రిజర్వు బ్యాంకు ఆదేశంతో మన బ్యాంకుల వెబ్‌సైట్లు 2025లో 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే చిరునామాలకు మారాయి. బ్యాంకు పేరు చెప్పుకునే సైటు చిరునామా అలా ముగియకపోతే వెనక్కి రండి. కంపెనీల ఎస్సెమ్మెస్‌లలో పంపినవారి పేరు చివర 2025 నుంచి ఒక ఇంగ్లీషు అక్షరం చేరుతోంది: టీ అంటే లావాదేవీ, ఎస్ అంటే సేవ, జీ అంటే ప్రభుత్వం, పీ అంటే ప్రకటన. పదంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి 'మీ కేవైసీ ముగిసింది' అని వస్తే అది బ్యాంకు పంపినది కాదు.

ఫోన్లో మాట్లాడుతూనే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయమని ఎవరైనా అడిగితే, అది తెరను అవతలివారికి చూపించే యాప్ అని తెలుసుకోండి. ఆ యాప్‌లు వాటి పనికి అవి మంచివే, కానీ వాటి పేరుతో జరుగుతున్న మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. ఇక వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా వేసుకుని 'డిజిటల్ అరెస్ట్' అనేవారి ముందు ఏ సెట్టింగూ పనిచేయదు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. ఫోన్ పెట్టేసి పక్కింటివారిని కేకేయడమే అక్కడ చేయవలసిన పని. పిల్లలు విదేశాల్లో ఉండి, ఒంటరిగా ఉంటున్న పెద్దవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి, ఎందుకంటే ఆ మోసగాళ్లు మొదట విధించే షరతు ఎవరికీ చెప్పవద్దనే.

ఏడో పని: ఆధార్ వేలిముద్రలు

2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులను ఆన్‌లైన్‌లో తీసుకుని, వాటి మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ పట్టుబడ్డాడు. వేలిముద్రతో డబ్బు తీసే ఆధార్ చెల్లింపు పద్ధతిలో ఓటీపీ ఉండదు కనుక ఇలాంటి నకలు ఖాతాకూ ముప్పే. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో గానీ ఆధార్ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ (వేలిముద్రలు పనిచేయకుండా వేసే తాళం) పెట్టుకోవచ్చు. అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. ఒక్క మాట: రేషన్ సరుకులు, సామాజిక పెన్షన్ వేలిముద్రతో తీసుకునేవారికి లాక్ ఉంటే అక్కడ మిషన్ ఒప్పుకోదు. అలాంటి పెద్దవారికి లాక్ పెట్టి ఊరెళ్లిపోతే, ఒకటో తారీఖున వారు గుమ్మంలో నిలబడి ఇబ్బంది పడతారు. తీయడం వచ్చిన మనిషి ఇంట్లో ఉంటేనే పెట్టండి.

ఎనిమిదో పని: కంప్యూటర్లు, మనవీ పరాయివీ

ఇంటి కంప్యూటర్ గురించి చెప్పవలసింది కొద్దే. పిల్లలకు విడిగా, అడ్మిన్ హక్కులు (కంప్యూటర్ సెట్టింగ్స్ అన్నీ మార్చగలిగే అధికారం) లేని ఖాతా తెరవండి. ముఖ్యమైన ఫోటోలను, కాగితాలను నెలకొకసారి బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, పని కాగానే దాని తీగ పీకేయండి. తగిలించి ఉంచితే వన్నాక్రై లాంటిది దానికీ తాళం వేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వచ్చే పైరసీ సాఫ్ట్‌వేర్ 'ముందు యాంటీవైరస్ ఆపండి' అని అడిగిందంటే అది ఎందుకు అడుగుతోందో ఒక్క క్షణం ఆలోచించండి.

పరాయి కంప్యూటర్ల సంగతి వేరు. మొన్న ఒక జిరాక్స్ షాపులో ప్రింటు కోసం వెళితే, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవగానే ముక్కూమొహం ఎరగనివారి ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు బారులు తీరి ఉన్నాయి. పక్క ట్యాబ్‌లో ఎవరిదో వాట్సాప్ తెరిచే ఉంది, కొత్త మెసేజ్‌లు పడుతూనే ఉన్నాయి. షాపాయనకు దురుద్దేశమేమీ లేదు, తుడిచేయాలన్న ఆలోచన రాలేదంతే. మీరు ప్రింటు తీయించుకున్నాక ఆ ఫైలును మీ కళ్లముందే డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. వాట్సాప్ వెబ్ తెరిస్తే మీ ఫోన్లోంచే లాగవుట్ చేయండి. ఆధార్ ఇవ్వవలసిన చోట, పూర్తి నంబరు తప్పనిసరి కాకపోతే, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

జరగకూడనిది జరిగితే

ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు తోసేస్తూ పోతాడు కనుక, ఎంత తొందరగా చెబితే దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. వెంటనే బ్యాంకుకు కూడా చెప్పి ఖాతా, కార్డు, యూపీఐ ఆపించి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. కేంద్ర సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాతపూర్వక ఫిర్యాదు తరవాత పూర్తి చేయవచ్చు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడో వ్యక్తి వల్ల డబ్బు పోయినప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మీకు ఆ నష్టం అంటదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే ఒక పరిమితి దాకా మీరు భరించాలి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయినది మీదే, చేసిన తరవాత పోయినది బ్యాంకుది. అందువల్ల సిగ్గుపడి సాయంత్రం దాకా ఆగడం కూడా ఖర్చే.

అనుమానాస్పదమైన ఏపీకే పడిందని తెలిస్తే, ముందు ఆ ఫోన్లో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. ఆ ఫోన్లోనే పాస్‌వర్డ్‌లు మార్చడం మొదలుపెడితే కొత్తవి కూడా దొంగ చూస్తాడు. ఫోటోలు భద్రపరచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే, అంటే ఫోన్లో ఉన్నదంతా చెరిపి కొత్తదానిలా చేయడమే, ఖాయమైన మందు.

ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు చేసి, టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లో దాన్ని బ్లాక్ చేయించవచ్చు. దానికి ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, కావాలి. *#06# డయల్ చేస్తే ఆ పదిహేనంకెలు తెర మీదకు వస్తాయి, రెండు సిమ్‌ల ఫోన్లో రెండు నంబర్లు ఉంటాయి. అదే పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూసి, మీవి కానివాటి మీద ఫిర్యాదు చేయవచ్చు. పెదనాన్నగారి పేరు మీద అయిదు ఉన్నాయి. ఆయనకు తెలిసినవి రెండు, మరో రెండు అమెరికాలో ఉన్న మా అన్నయ్య, వదిన వదిలివెళ్లినవి, అయిదోది ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలియదు. దాని మీద 'నాది కాదు' అని పెట్టాం.

ఈ నంబర్లన్నీ ఫోన్లోనే ఉంటే ఫోన్ పోయిన రోజున పనికిరావు. పెదనాన్నగారు ఎర్ర ఇంకు పెన్ను తీసి, గోడ మీది క్యాలెండర్ వెనక అట్ట మీద 1930, బ్యాంకు నంబరు, రెండు ఐఎంఈఐలు రాసి, ఒక్కో అంకెను *#06# తెరతో రెండుసార్లు సరిచూసుకుని, కింద గీత గీశారు.